తలుపు తీసేయండి

పళ్ళ డాక్టరుగారి మేడ గది,
సెప్టెంబరు 4

వదినా,

చేరాం. నేనూ, నర్సమ్మా, పోస్టుమాస్టారూ క్షేమం. పెట్టెల్లో ఒకటి మాత్రం మాకు చెప్పకుండా ఎక్కడెక్కడో తిరిగి, మూడు రోజులు ఆలస్యంగా ఈ పూటే వచ్చింది. నువ్వు కుట్టిన నీలం కోటు అందులోనే ఉంది. మడత నలగలేదు. నువ్వు మడత పెడితే పెట్టె కొండ మీంచి దొర్లినా నలగదు కదా.

నన్ను ఇక్కడి నాటక సంఘం పెద్దాయన ఇంట్లో ఉంచారు. ఆయన పళ్ళ డాక్టరు. కింద ఆయన పళ్ళు పీకుతారు, పైన నేనుంటాను. రోజూ పొద్దున్నే ఎవరో ఒకరి కేకతో నిద్ర లేస్తున్నాను. ఊళ్ళో ప్రతివాళ్ళూ ఏదో ఒక రోజు ఆయన ముందు నోరు తెరిచినవాళ్ళే కాబట్టి, రిహార్సల్లో ఆయన ఏం చెప్పినా ఎవరూ నోరెత్తరు. మన నాటక సమాజానికి కూడా లాయరు బదులు పళ్ళ డాక్టరు ఉంటే ఎంత బాగుండేది!

లాయరుగారంటే గుర్తొచ్చింది. ఆయనకి ఇంకోసారి విడమరిచి చెప్పు. నాటకం ఒకటే, ‘ఎవరదీ?’. రెండు ఊళ్ళలోనూ ఒకే రోజు, నవంబరు పదిన వేస్తాం. ఒకావిడ ఒక రోజు పొద్దున ఇంట్లోంచి వెళ్తుంది. ఇరవై ఏళ్ళకి తిరిగొచ్చి తలుపు తడుతుంది. ఈలోగా ఆవిడ భాష మారిపోయింది, ఇంట్లోవాళ్ళకి అర్థం కాదు. ఇక్కడ ఇంట్లోవాళ్ళు వీళ్ళు, తలుపు తట్టేది నేను. అక్కడ ఇంట్లోవాళ్ళు మనవాళ్ళు, తలుపు తట్టేది వీళ్ళు పంపుతున్న పొడుగావిడ. ఇంతే. ఇందులో అప్పీలుకి వెళ్ళేంత చిక్కేమీ లేదని చెప్పు.

నవ్వుతూ రాస్తున్నానుగానీ వదినా, భయంగానే ఉంది. ఏ ప్రభుత్వమూ, ఏ పెద్దమనిషీ అండ లేకుండా మీ కుట్టు దుకాణం పైనున్న హాల్లో ఇరవై రెండేళ్ళు నడిపాం. పరాయి దేశం వాళ్ళు మనల్ని పిలవడం ఇదే మొదలు. ఇది చెడితే సమాజాన్ని ఊరి క్లబ్బులో కలిపేద్దామని లాయరుగారు ఏడాదిగా కాచుక్కూర్చున్నారు.

ముఖ్యమైనది మరిచేపోయాను. చివరి రంగంలో తలుపు తీసేయండి. పొడుగావిడ లోపలికి వచ్చే సమయానికి ఏ అడ్డమూ ఉండకూడదు. అన్నయ్యకి గట్టిగా చెప్పు.

అన్నయ్య కోపం తగ్గిందా? నేను బయల్దేరే రోజు కూడా రంపం వదల్లేదు, తలెత్తి చూడలేదు. ఇచ్చింది మూడు సీట్లు. అన్నయ్యని తీసుకొచ్చేస్తే అక్కడ రంగస్థలం ఎవరు కడతారు? నేను చెప్తే వినడు, నువ్వే చెప్పు. ఇక్కడ ఫోను మాట ఎత్తొద్దు. పోస్టాఫీసులో గంట నిలబడితే మన మాట మనకే తిరిగి వినిపిస్తుంది. ఉత్తరమే నయం, ఎనిమిది రోజులైనా చేరుతుంది.

నీ పిడుగు


కుట్టు దుకాణం,
సెప్టెంబరు 14

పిడుగూ,

ఉత్తరం అందింది. భోజనాల దగ్గర గట్టిగా చదివాను. ‘తలుపు తీసేయండి’ దగ్గరికొచ్చేసరికి మీ అన్నయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

“మళ్ళీ చదువు,” అన్నారు.

చదివాను.

“అడ్డమా? నా తలుపు అడ్డమా?”

నాకేం తెలుసు? నాటకాల సంగతి నన్ను అడిగితే దారపుండని పాట పాడమన్నట్టే. మూడు వారాలు కష్టపడి చేసిన తలుపు. నువ్వే కదా కిర్రుమనాలన్నావు? నాలుగు జతల బందులు మార్చి, చెవి ఆనించి మరీ ఆ కిర్రు పట్టుకున్నారు. “చివరి రంగంలో తీసేసే తలుపు మొదటి రంగంలో మాత్రం ఎందుకు? జనం చూస్తుండగా స్క్రూలు విప్పుతూ కూర్చోనా?” అని, చెయ్యి కడుక్కుని, మేకుల డబ్బా తీసుకుని వెళ్ళిపోయారు. గంటలో తలుపు వీపు మీద వేసుకుని ఇంటికొచ్చారు. దారిలో ఎవరడిగినా “అడ్డం తీసేస్తున్నా” అన్నారట.

తెచ్చిన తలుపుని ఎక్కడ పెట్టారో తెలుసా? స్నానాల గదికి. పదకొండేళ్ళుగా దుప్పటి కట్టుకుని బతికాం. ఊరందరికీ తలుపులు చేసే మనిషి ఇంట్లో తలుపు లేదని మొత్తుకున్నా వినని మనిషి, నీ మీద కోపంతో పెట్టారు. ఇంకో నాలుగు కోపాలు తెప్పించు, వంటింటి అలమరా కూడా అయిపోతుంది. ఒకటే చిక్కు, నువ్వు కోరిన కిర్రు బాగా కుదిరింది. మనింట్లో ఎవరెప్పుడు స్నానం చేస్తున్నారో ఇప్పుడు పక్కింటావిడకి నాకన్నా ముందు తెలుస్తోంది.

మీవాళ్ళు వచ్చారు. పొడుగావిడా, వెంట ఇద్దరు మగవాళ్ళూ. ఆవిడ నీ గదిలో ఉంది. కాళ్ళు మంచం దాటి బయటికి వస్తుంటే మీ అన్నయ్య స్టూలు జత చేశారు. మంచి మనిషి. నాకు ఆవిడ భాష రాదు, ఆవిడకి నా భాష రాదు. అయినా రెండు రోజుల్లో గుండుసూదులు అందివ్వడం నేర్చుకుంది. లాయరుగారు మధ్యలో తర్జుమా చేస్తానంటారు. ఆవిడ పది మాటలంటే ఈయన యాభై మాటలు చెబుతారు, అందులో ‘సదరు’ పన్నెండుసార్లు వస్తుంది.

నువ్వు చెప్పమన్నది ఆయనకి చెప్పాను. “ఊఁ” అన్నారు. నమ్మిన ఊఁ కాదు.

వేళకి తిను.
వదిన


పళ్ళ డాక్టరుగారి మేడ గది,
సెప్టెంబరు 16

వదినా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు, ఆగలేక రాసేస్తున్నా. ఈ రోజు వీళ్ళకి మన తలుపు గురించి చెప్పాను. అన్నయ్య దాన్ని ఎలా చేశాడో చెప్పి, ఆ కిర్రుని నోటితో చేసి చూపించాను. డాక్టరుగారు అసూయతో కుర్చీలో అటూ ఇటూ కదిలారు. వీళ్ళ వడ్రంగి చేసిన తలుపు పెట్టె మూతలా ఉంది, నోరూ లేదు వాయీ లేదు. “మీ అన్నగారి తలుపు ఒక పాత్ర,” అన్నారు డాక్టరుగారు. ఈ మాట అన్నయ్యకి తప్పకుండా చెప్పు, పొంగిపోతాడు.

మేం రిహార్సల్ చేసేది ఒక పాత పిండి మిల్లులో. గోడ మీద కొడితే ఇప్పటికీ తెల్లగా దుమ్ము రాలుతుంది. మూడు గంటలు పనిచేసి బయటికొస్తే అందరం ముసలివాళ్ళలా తెల్లజుట్టుతో ఉంటాం. ఇరవై ఏళ్ళ తర్వాతి రంగానికి వేషం ఖర్చు లేదు!

ఇక్కడివాళ్ళు నాతో ఒక మాటన్నారు. ఇంకా ఏమీ తేలలేదు, తేలాక రాస్తా.

నీ పిడుగు


పళ్ళ డాక్టరుగారి మేడ గది,
సెప్టెంబరు 24

వదినా! వదినా! వదినా!

తీసేయండి అంటే, ఆవిడ తట్టాక తెరిచి పెట్టండి అని! ఊడబీకమని కాదు! ఎవరైనా వచ్చినప్పుడు ‘తలుపు తియ్యి’ అంటే మీరు ఇంట్లో స్క్రూడ్రైవరు వెతుక్కుంటారా?

నీ ఉత్తరం చదివి అరిచిన అరుపుకి కింద కుర్చీలో ఉన్న రోగి, డాక్టరుగారు ముట్టుకోకుండానే, లేచి పారిపోయాడట. ఆ నాటకం పేరే ‘ఎవరదీ?’. తలుపు లేకపోతే ఆ మాట ఎందుకంటారు? ఎదురుగా మనిషి కనిపిస్తుంటే ఎవరదీ అనడానికి ఇంట్లోవాళ్ళకేమైనా మతి పోయిందా? వెంటనే పెట్టించు. స్నానాల గదికి మళ్ళీ దుప్పటి కట్టుకోండి, పదకొండేళ్ళ అలవాటే కదా.

నువ్వు చదివేటప్పుడు కాస్త ఆలోచించి చదవాల్సింది వదినా.

పిడుగు


కుట్టు దుకాణం,
అక్టోబరు 3

పిడుగూ,

ఆలోచించి చదవమన్నావు. సరే. ఇక నుంచి రాసేవాళ్ళు కూడా ఆలోచించి రాస్తారని ఆశిస్తాను.

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చూపించాను. ‘తెరిచి పెట్టండి’ దాకా చదివి నవ్వారు. తర్వాతి ముక్క చదివి నవ్వు మానేశారు. “పెట్టను. ఇప్పుడది స్నానాల గది తలుపు,” అన్నారు. పాత్ర అన్న డాక్టరుగారి మాట చెబితే, “అయితే ఆయన వచ్చి స్నానం చేయమను,” అన్నారు.

పైగా ఇప్పుడు తలుపుతో పని లేదు. నీకు కోపం వచ్చినా సరే, జరిగింది రాస్తాను.

తలుపు ఊడదీసిన మర్నాడు పొడుగావిడ రిహార్సలుకి వచ్చింది. చట్రం కూడా లేదు, ఖాళీ. కాసేపు చూసింది. తర్వాత పిడికిలి బిగించి గాలిలో తట్టింది. తెర వెనక మీ అన్నయ్య చెక్క చిత్రిక పడుతున్నారు. ఏమనిపించిందో, ఆవిడ చెయ్యి చూసి సుత్తి పిడితో చెక్క మీద టక్ టక్ మన్నారు. ఆవిడ ఉలిక్కిపడింది. మళ్ళీ మెల్లగా తట్టింది, ఆయనా మెల్లగా కొట్టారు. ఒకసారి భయంగా, ఒకసారి కోపంగా, ఒకసారి చిన్నపిల్లలా. పావుగంట ఇద్దరూ అలా తట్టుకుంటూ ఉండిపోయారు. నేను చేతిలో గౌను పట్టుకుని అంచు కుట్టడం మరిచిపోయాను. ఎప్పుడైనా మరిచానా నేను?

లాయరుగారు ఒప్పుకోలేదు. “తలుపు లేని చోట తట్టడం అక్రమ ప్రవేశం,” అన్నారు. ఇంట్లోవాళ్ళందర్నీ సాక్షుల్లా వరసగా నిలబెట్టి, ఇంటిపెద్ద వేషంలో తను మధ్యన నిలబడ్డారు. నేను అప్పటికి కోటు సరిచేస్తూ నోట్లో సూదులు పెట్టుకుని ఉన్నాను. తీసేసి అనేశాను. “ఇంట్లో మనుషులు ఇలా నిలబడతారుటండీ? ఒకరు బియ్యం ఏరతారు, ఒకరు గుండీ కుట్టుకుంటారు, ఒకరు ఊరికే కూర్చుంటారు. పనిలో ఉన్నవాళ్ళకి తలుపు చప్పుడు వినిపించాలి గానీ, వినడానికి నిలబడ్డవాళ్ళకి కాదు.” పొడుగావిడకి మాట అర్థం కాకపోయినా నీ కుర్చీ లాక్కొచ్చి నన్ను కూర్చోబెట్టింది. మర్నాటి నుంచి నాలుగింటికి దుకాణం మూసి పైకి వెళ్తున్నాను. ఏం చేస్తున్నానో నాకే తెలియదు. ఎక్కడ బిగుతుగా ఉంటే అక్కడ వదులు చేస్తున్నాను, అంతే.

ఇంకో సంగతి. నువ్వు అక్కడే ఉండిపోతున్నావని, వాళ్ళు నాటకాల బడి పెట్టి నీకు అప్పజెప్పారని, నువ్వు ఒప్పుకున్నావని పొడుగావిడ చెప్పిందట. లాయరుగారు నలుగురిలో తర్జుమా చేశారు. మంచిదే. నీ గదిలో సామాను ఏం చేయమంటావో రాస్తే ఆ ప్రకారం చేస్తాం.

ఇట్లు,
మీ వదిన


పళ్ళ డాక్టరుగారి మేడ గది,
అక్టోబరు 13

వదినా,

‘మీ వదిన’ ఏమిటి? నాకు తొమ్మిదేళ్ళప్పటి నుంచి నువ్వు నాకు ‘ఇట్లు’ అని రాయలేదు. స్కూల్లో సెలవుచీటీ కూడా ‘మా పిడుగుకి జ్వరం’ అని రాసి పంపావు.

సామాను ఏం చేయమంటావని అడిగావు. గది కావాలా? పొడుగావిడకి అంత నచ్చిందా? నా కుర్చీ ఇచ్చేశారు, నా మంచానికి స్టూలు జత చేశారు, తలుపు లేకుండా నాటకం వేసుకుంటున్నారు. ఇంక నేను రావడమే అడ్డమేమో. కావాలంటే పుస్తకాలు అటక మీద పెట్టించు. బొమ్మల డబ్బా మాత్రం పారేయొద్దు.

నేను ఒప్పుకోలేదు. అడిగారు, అంతే. ఈ మిల్లులోనే ఏడాది పాటు ఉండి, వేర్వేరు దేశాల నుంచి వచ్చేవాళ్ళకి నాటకం నేర్పమన్నారు. సెప్టెంబరులోనే రాద్దామనుకుని కాగితం తీశాను. ఏమని రాయను? ‘వదినా, ఉండనా?’ అని రాస్తే నువ్వు ఉండమంటావు, నా మొహం చూడకుండా. ‘రానా?’ అని రాసినా ఉండమంటావు. అందుకని రాయలేదు. నువ్వు తప్పుగా అనుకుంటావని తెలుసు. అనుకున్నావు.

అన్నయ్య నన్ను ఎలాగూ క్షమించడు. సుత్తి పిడితో తట్టాడని చదివి చాలాసేపు కిటికీ దగ్గర కూర్చున్నాను. నేను చూడలేదు కదా అది.

పిడుగు


కుట్టు దుకాణం,
అక్టోబరు 22

పిడుగూ,

తెలివితక్కువదానా.

ఎవరికి కావాలి నీ గది? ఆ బొమ్మల డబ్బా మీద దుమ్ము దులిపి నా బీరువాలో పెట్టాను, పొడుగావిడ కాలు తగులుతుందని. ‘సామాను ఏం చేయమంటావు’ అన్నది కోపం. నీకు నా కోపం ఆ మాత్రం తెలియదా? నేను అరిస్తే కోపం లేనట్టు, మర్యాదగా మాట్లాడితే ఉన్నట్టు. ముప్ఫై ఆరేళ్ళుగా అంతే.

నువ్వు ఉండిపోతున్నావని కాదు నా బాధ. లాయరుగారి నోట విన్నానని. దుకాణానికొచ్చే ప్రతి మనిషీ “మీ ఆడపడుచు అక్కడే సెటిలైందటగా” అంటుంటే, ఏమీ తెలియకుండా కొలతలు తీస్తూ “అవునండీ” అన్నాను. మెడ కొలతకి నడుం కొలత రాసుకున్నాను ఆ రోజు. ఆ పెద్దమనిషి చొక్కా ఇప్పటికీ వేలాడుతూనే ఉంది.

తర్వాత పొడుగావిడనే కూర్చోబెట్టి అడిగాను, లాయరు లేకుండా. బొమ్మలేసి అడిగాను. ఇల్లు వేసి, నిన్ను వేసి, బాణం గుర్తు వేసి. ఆవిడ నీ బొమ్మ మీద పెద్ద ప్రశ్నార్థకం వేసింది. అంటే ఆవిడ అన్నది ‘అడిగారు’ అని. లాయరుగారు దాన్ని ‘తీర్పు వచ్చింది’ అని తర్జుమా చేశారు.

నా పెళ్ళై ఈ ఇంటికొచ్చిన వారానికి నువ్వు నా కొత్త చీర అంచు కత్తిరించి బొమ్మకి తెర కట్టావు. మీ అమ్మగారు కొట్టబోతే నేను అడ్డం వెళ్ళాను. తెర వంకరగా ఉంటే సరిచేసి కుట్టిచ్చాను కూడా. ఆ రోజే అనుకున్నాను, ఈ పిల్ల ఒక చోట ఉండే రకం కాదు, దీని వెనకాల సూది పట్టుకుని తిరగడమే నా పని అని. కాబట్టి ఉంటావో వస్తావో నువ్వే తేల్చుకో. తేల్చుకుని నాకు చెప్పు. ముందు నాకు.

ఈ ఉత్తరం మీ అన్నయ్య చదివి రెండు చోట్ల అక్షరదోషాలు దిద్దారు. అంటే ఆయన కోపం పోయినట్టే. “అది నన్ను తీసుకెళ్ళలేదని కాదే నా కోపం, చెప్పకుండా పేర్లు ఇచ్చేసిందని,” అన్నారు. మీ అన్నాచెల్లెళ్ళిద్దరూ నోటితో చెప్పాల్సినవన్నీ దాచుకుంటారు, మధ్యలో నేను తపాలా పెట్టెని.

వదిన


పళ్ళ డాక్టరుగారి మేడ గది,
నవంబరు 11

వదినా,

అయిపోయింది. బాగా అయింది. ఎలా అయిందో విను.

చివరి రంగం. నేను తలుపు తట్టాను. లోపల డాక్టరుగారు ‘ఎవరదీ?’ అని లేచి తలుపు తీయాలి. తీయబోయారు. రాలేదు. మిల్లులో తేమకి చెక్క ఉబ్బి బిగుసుకుపోయింది. ఆయన ఒక్క లాగు లాగారు. రాలేదు. ఇంకేముంది, అలవాటు ఊరుకోదుగా! ఒక కాలు గోడకి తన్నిపెట్టి, రెండు చేతులతో గడియ పట్టుకుని పీకారు. గడియా, తలుపూ, చట్రమూ అన్నీ కలిసి ఆయన మీదికి వచ్చేశాయి. తెల్లటి పిండి దుమ్ము లేచింది. దుమ్ము తగ్గేసరికి గోడలో పెద్ద ఖాళీ, అందులో నేను, నీ నీలం కోటుతో, ఏ అడ్డమూ లేకుండా.

జనం పడీ పడీ నవ్వారు. తర్వాత నేను ఒక అడుగు లోపలికి వేసేసరికి ఆ నవ్వు దానంతటదే ఆగింది. మొత్తానికి వదినా, ఇక్కడ కూడా తలుపు తీసేశాం.

ఇప్పుడు అసలు మాట, ముందు నీకే. రానని చెప్పేశాను వాళ్ళకి. అంటే ఈ బడికి ఉండనని. నాటకం అయ్యాక డాక్టరుగారు అడిగితే, “మా సమాజానికి నేను కావాలి,” అన్నాను. లాయరుగారు క్లబ్బు అంటుంటే అన్నయ్యా నువ్వూ ఎంతకని కాస్తారు? డిసెంబరు మొదటివారంలో బయల్దేరుతున్నాం. పెట్టె సర్దడం కూడా మొదలుపెట్టాను. నీలాగా మడత రావడం లేదు.

నీ పిడుగు


కుట్టు దుకాణం,
నవంబరు 12

పిడుగూ,

మొన్న హాలు నిండింది. మెట్ల మీద కూడా కూర్చున్నారు. నేను తెర పక్కన నిలబడి, అవసరం లేకపోయినా సూదిలో దారం ఎక్కిస్తూనే ఉన్నాను.

చివరి రంగంలో పొడుగావిడ వచ్చింది. చెయ్యెత్తి గాలిలో తట్టింది. చప్పుడు లేదు. తెర వెనక మీ అన్నయ్య సుత్తి పట్టుకుని ఆవిడనే చూస్తూ కొట్టడం మరిచిపోయారు. ఆవిడ మళ్ళీ తట్టింది. చప్పుడు లేదు. అంతలో జనంలోంచి, మన పక్కింటావిడే, ఉండబట్టలేక బల్ల మీద టక్ టక్ మని కొట్టింది. పక్కనున్నాయన కొట్టాడు. అంతే, హాలంతా బల్లలు తట్టింది. ఆవిడ తరఫున ఊరంతా తలుపు తట్టినట్టుంది పిడుగూ. పొడుగావిడ జనం వైపు తిరగలేదు గానీ, వాళ్ళ చప్పుడుకి తగ్గట్టు గాలిలో తడుతూనే ఉంది.

లాయరుగారు ఇంటిపెద్దగా అక్కడ మూడు పేజీల మాటలు చెప్పాలి. ‘ఎవరదీ’తో మొదలెట్టాలి. లేచారు. నోరు తెరిచారు. అన్నీ మరిచిపోయి, “రండి, లోపలికి రండి,” అన్నారు. అది నువ్వు రాసిన నాటకంలో లేదు. ఇక నుంచి ఉంటుంది. తెర పడ్డాక ఆయన నా దగ్గరికొచ్చి, “క్లబ్బు మాట వెనక్కి తీసుకుంటున్నా,” అన్నారు. ఒక్క ‘సదరు’ కూడా వాడలేదు.

అందుకని మేమో పని చేశాం. నువ్వు తేల్చుకోలేవని నాకు తెలుసు. మా కోసం వచ్చేస్తావు. కాబట్టి సమాజం అంతా కూర్చుని తీర్మానం చేసింది. నిన్ను ఏడాది పాటు ఆ బడికి పంపడానికి మాకు సమ్మతమేనని లాయరుగారు సమాజం కాగితం మీద డాక్టరుగారికి రాసి, నాలుగు చోట్ల ముద్ర వేసి, ఈ పూటే పోస్టు చేశారు. మీ అన్నయ్య మొట్టమొదట సంతకం పెట్టారు. ఇక్కడ నీ కుర్చీలో నేను కూర్చుంటాను. వచ్చాక లేస్తాను. లేవకపోయినా లేవకపోవచ్చు.

వదిన


పళ్ళ డాక్టరుగారి మేడ గది,
నవంబరు 21

వదినా,

డాక్టరుగారు నన్ను కిందికి పిలిచి, పళ్ళ కుర్చీలో కూర్చోబెట్టి, ముద్రల కాగితం చూపించారు. “నువ్వు కాదన్నావు, మీ సమాజం సరేనంది. మీ దేశంలో ఏది చెల్లుతుంది?” అని అడిగారు. ఆ కుర్చీలోనే ఏడ్చేశాను. వరసలో ఉన్న రోగులు నాకు చాలా నొప్పిగా ఉందనుకున్నారు.

ఉంటున్నాను వదినా. ఉండాలని నాకు ఎంతుందో నీ ఉత్తరం చూసేదాకా నాకే తెలియదు. పెట్టె విప్పేశాను. నర్సమ్మా పోస్టుమాస్టారూ అనుకున్న రోజునే బయల్దేరుతున్నారు. నీ నీలం కోటు నర్సమ్మ అడిగింది, ఇవ్వలేదు.

ఇంకొకటి. మీరు హాలంతా తట్టించిన సంగతి ఇక్కడ అందరికీ చదివి వినిపించాను. బడి మొదలయ్యేది మార్చిలో. మొదటి నెల పాఠం చెప్పడానికి డాక్టరుగారి సంఘం పిలుస్తోంది నన్ను కాదు, నిన్ను. అన్నయ్యతో సహా. రంగస్థలం కట్టడం అన్నయ్యా, మనుషుల్ని నిలబెట్టడం నువ్వూ నేర్పాలట. “ఆవిడ ఎక్కడ నేర్చుకున్నారు?” అని అడిగారు. ముప్ఫై ఆరేళ్ళుగా నన్ను వదులు చేస్తూ నేర్చుకుందని చెప్పాను. ఆహ్వానం వేరే కవరులో వస్తోంది. లాయరుగారి చేత తర్జుమా చేయించకు.

ఈసారి నేనే అడుగుతున్నా, పేర్లు ఇవ్వకముందే. వస్తారా?

నీ పిడుగు


కుట్టు దుకాణం,
డిసెంబరు 3

పిడుగూ,

ఆహ్వానం వచ్చింది. మీ అన్నయ్య మూడుసార్లు చదివి, వెళ్ళి ఉలులన్నీ నూరడం మొదలుపెట్టారు. సరేనన్నట్టే.

నేను మాత్రం రెండు రోజులు వద్దన్నాను. దుకాణం ఎవరు చూస్తారు, ఆ భాష నాకేం వచ్చు, పాఠం అంటే ఏం చెప్పాలి, అని. నువ్వు వెళ్ళేటప్పుడు ఇన్ని మాట్లాడలేదు కదా అని మీ అన్నయ్య అడిగారు. నువ్వు వెళ్ళడం వేరు పిడుగూ. నువ్వు వెళ్తే నాకు పనుంటుంది, కోటు కుట్టాలి, పెట్టె సర్దాలి. నేను వెళ్తే ఎవరు కుడతారు?

నిన్న పొద్దున కాస్త మందంగా ఉన్న ఊదారంగు గుడ్డ తీశాను. కత్తెర పట్టుకున్నాక తెలిసింది, నా కొలతలు నా పుస్తకంలో లేవు. ఈ ఊళ్ళో అందరివీ ఉన్నాయి, చనిపోయినవాళ్ళవి కూడా ఉన్నాయి. నావి లేవు. ఇన్నేళ్ళుగా కంటి అంచనాతో ఏదో ఒకటి కుట్టుకుని తొడుక్కున్నాను.

టేపు మీ అన్నయ్య చేతికిచ్చి, దుకాణం మధ్యలో చేతులు చాచి నిలబడ్డాను. కొయ్యని కొలిచినట్టు కొలుస్తున్నారు, రెండు అంగుళాలు ఎక్కువే వేసుకుందాం, తర్వాత చిత్రిక పట్టొచ్చు అంటున్నారు. నడుం కొలత గట్టిగా చదవొద్దని చెబితే, తలుపు బార్లా తీసి పెట్టి మరీ చదివారు. వీధిలో పోయే చొక్కా పెద్దమనిషి ఆగి, “ఎవరికండీ కోటు?” అని అడిగాడు.

“నాకేనండీ,” అన్నాను.

వదిన